జపాన్ ఇళ్లలో పాత పద్ధతి, కొత్త యంత్రం: ఏది లోపలికి చేరింది, ఏది బయట మిగిలింది?

గోదారి_గట్టు

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు జపాన్‌లో టోక్యో పక్కనున్న సైతామాలో ఉంటున్నారు. మనవరాలు పుట్టినప్పుడు తోడుగా ఉండడానికి వెళ్లి, మూడు నెలలు గడిపి గత నెలలోనే రాజమండ్రి తిరిగి వచ్చాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని కావడం వల్ల కాబోలు, గుడుల కన్నా, ఎత్తైన భవనాల కన్నా ఆ ఇంట్లోని సామాన్లే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నాయి.

వాళ్ల కరెంటు కుక్కరుతో పాటు ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు వచ్చింది. అది 200 మిల్లీలీటర్లు పడుతుందనుకుని పాలసీసాతో కొలిస్తే 180 దగ్గర ఆగిపోయింది. అల్లుణ్ణి అడిగితే, అది ‘గో’ అనే పాతకాలపు కొలత అని, పది గోలు కలిస్తే ఒక ‘షో’ అవుతుందని, సాకే అనే బియ్యపు మద్యం పెద్ద సీసా ఇప్పటికీ 1.8 లీటర్లే ఉండడానికి కారణం కూడా అదేనని చెప్పాడు. వ్యాపార లావాదేవీల్లో పాత కొలతలను జపాన్ 1959లోనే తొలగించి మెట్రిక్ పద్ధతికి మారిపోయింది. అయినా ప్రతి ఇంట్లో, చిప్పులతో పనిచేసే కుక్కరు లోపలి గిన్నె మీద గీతలు గోలలోనే ఉన్నాయి. మన గిద్దె, సోల, తవ్వ, మానిక సామెతల్లో, పెద్దవాళ్ల మాటల్లో మిగిలాయి. మా అమ్మ బియ్యం కొలిచిన ఇత్తడి సోల మా ఇంట్లో అద్దాల బీరువాలో ఉంది. వాళ్ల గో మాత్రం రోజుకు రెండుసార్లు బియ్యం డబ్బాలో మునిగి లేస్తోంది.

అప్పటి నుంచి ఒకే ప్రశ్న నన్ను వెంటాడుతోంది. పాత పద్ధతి కొత్త యంత్రంలోకి ఎలా చేరుతుంది? అన్నీ చేరవు కదా, మరి ఏవి చేరతాయి? అక్కడ నివసిస్తున్నవారు, ఆ భాష చదువుకున్నవారు తాము స్వయంగా చూసిన వస్తువులను పట్టుకుని రాస్తే ఎంతో సంతోషిస్తాను.

చిన్న విన్నపం కూడా ఉంది. అమ్మాయి నాకు మూడు గోల కుక్కరు ఒకటి ఇచ్చి పంపింది. సోనా మసూరికి ఆ గిన్నె మీది గీతలు సరిపోతాయో లేదో తెలిసినవారు చెప్పగలరు. ఇంకా పెట్టె విప్పలేదు.

నాగోయా_వాసి

గోదారి_గట్టు గారూ, పెట్టె విప్పకపోవడం మంచిదయింది. జపాన్‌లో ఇళ్లకు వచ్చే కరెంటు 100 వోల్టులు, మనది 230. నేను కొన్నేళ్ల కిందట మా అమ్మ కోసం కుక్కరు తీసుకెళ్లి, చూసుకోకుండా నేరుగా ప్లగ్గులో పెట్టి, అమ్మ కళ్ల ముందే దాన్ని కాల్చేశాను. కుక్కరు మీద రాసి ఉన్న వాట్లకు మించిన సామర్థ్యం గల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని, దాని ద్వారానే వాడండి. నీళ్ల సంగతి చివర చెబుతాను.

మీ ప్రశ్నకు కుక్కరే మంచి జవాబు. జపాన్‌లో అన్నం వండేది సాధారణంగా అత్తెసరుగానే. గంజి వార్చే వీలు లేదు కాబట్టి నీళ్ల కొలత, మంట తీరు రెండూ మొదటే సరిగ్గా కుదరాలి. మట్టి పొయ్యిని అక్కడ ‘కమదో’ అంటారు. ఆ పొయ్యి మీద వండే రోజుల్లో ఇంటి కోడళ్లకు నేర్పిన ఒక పాట లాంటి మాట ఉంది. దాని భావం తెలుగులో ఇలా చెప్పవచ్చు: మొదట సన్నగా, నడుమ భగ్గున, చిటపటలు వినిపిస్తే మంట లాగు, చివర గుప్పెడు గడ్డి కాల్చు, పసిబిడ్డ ఏడ్చినా మూత తీయకు. ఇందులో ప్రతి ముక్కకూ ఒక పని ఉంది. సన్నని సెగలో గింజ నీళ్లు పీల్చుకుంటుంది, పెద్ద మంటలో గింజలోని పిండి ఉడుకుతుంది, గడ్డి మంట పైన మిగిలిన తేమను ఎగరగొడుతుంది, మూత తీయకపోతే ఆవిరిలో అన్నం మగ్గుతుంది.

1955 డిసెంబరులో తోషిబా సంస్థ మొదటి ఆటోమేటిక్ కరెంటు కుక్కరును అమ్మకానికి పెట్టింది. దాన్ని తయారుచేసినవాడు మినామి యోషితాదా అనే చిన్న కర్మాగార యజమాని. అయితే రోజుల తరబడి అన్నం వండి, ఉష్ణోగ్రత కొలిచి, ఎప్పుడు ఎలా ఉడికిందో రాసిపెట్టినది ఆయన భార్య ఫుమికో. నీళ్లు మరగడం మొదలైన తర్వాత సుమారు 20 నిమిషాలు అదే వేడి ఉంటే అన్నం కుదురుతుందని వాళ్లు తేల్చుకున్నారు. మరి యంత్రానికి 20 నిమిషాలు ఎలా తెలియాలి? బియ్యం గిన్నెకు బయట మరో గిన్నె పెట్టి, అందులో 20 నిమిషాల్లో ఇగిరిపోయేన్ని నీళ్లు పోయమన్నారు. ఆ నీళ్లు ఉన్నంతసేపూ బయటి గిన్నె 100 డిగ్రీలు దాటదు. ఇగిరిపోగానే వేడి ఒక్కసారిగా పెరుగుతుంది, రెండు లోహాల రేకు వంగుతుంది, స్విచ్చు దానంతట అదే పడిపోతుంది. మీరు భౌతికశాస్త్రం చెప్పినవారు కాబట్టి ఇందులో అందం మీకు నాకన్నా బాగా తెలుస్తుంది.

1988లో ఇండక్షన్ కుక్కర్లు వచ్చాక గిన్నె మొత్తం వేడెక్కి, ‘సన్నగా, భగ్గున’ అనే ఆ పాత వరసను యంత్రం మరింత దగ్గరగా అనుసరించగలిగింది. పొయ్యి ఊదేవారు లేరు కానీ ఆ పాటలోని వరస ప్రోగ్రాములో కూర్చుంది. ఆ ఇల్లాలి చెయ్యి ఏం చేస్తోందో కూర్చుని కొలిచినవారు ఉన్నారు కాబట్టే అది లోపలికి చేరిందని నా నమ్మకం.

చిత్తూరు_చింతచెట్టు

నాగోయా_వాసి గారి టపా చాలా బాగుంది. అయినా నేను వేరే వైపు నుంచి మాట్లాడాలి. టోక్యోలో ఆరేళ్లు ఉద్యోగం చేసి 2022లో తిరిగి వచ్చినవాణ్ణి. దూరం నుంచి చూసేవారికి జపాన్‌లో పాతదీ కొత్తదీ చెట్టపట్టాలు వేసుకుని నడుస్తున్నట్టు కనిపిస్తుంది. లోపల ఉన్నప్పుడు ఆ పాతదాని బరువు కూడా తెలుస్తుంది.

హంకో, అంటే పేరు చెక్కిన ముద్ర, తీసుకోండి. నేను పనిచేసిన చోట ఒక కొనుగోలు పత్రం ఆరుగురి చేతులు మారి, ఆరు ఎర్రటి గుండ్రటి ముద్రలు పడితే తప్ప కదిలేది కాదు. 2020 వసంతంలో కరోనా భయంతో అందరినీ ఇంట్లో ఉండమన్నప్పుడు, కేవలం ముద్ర వేయడానికి ఖాళీ రైల్లో గంట ప్రయాణం చేసి ఆఫీసుకు వెళ్లి వచ్చిన రోజులు నాకు ఉన్నాయి. ఆరోజు ఆ బిళ్ల మీద నాకు కలిగిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇంకో సంగతి. కొన్ని కార్యాలయాల్లో కింది ఉద్యోగి తన ముద్రను ఎడమవైపు, అంటే పై అధికారి ముద్ర వైపు కాస్త వంచి వేయాలనే ఆచారం ఉంది. తల వంచి నమస్కరిస్తున్నట్టు కనిపించాలని దాని అర్థం. కాగితాలు పోయి కంప్యూటరు ముద్రలు వచ్చాక, తెర మీది ముద్రను కూడా అలా వంచడానికి వీలు కల్పించిన సాఫ్ట్‌వేరు తయారైంది. ఇది పాత పద్ధతి కొత్త యంత్రంలోకి చేరడమే కదా? దీన్ని కూడా మనం మెచ్చుకోవాలా?

కాగితం_కలం

చింతచెట్టు గారి కోపం న్యాయమైనదే. పన్నెండేళ్లుగా జపనీస్ పత్రాలను అనువదిస్తున్నాను, ఆ ఎర్రటి ముద్రలు నా కళ్ల ముందు లేని రోజు లేదు. కాకపోతే ‘హంకో’ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు వస్తువులు ఉన్నాయి, వాటిని విడదీసి చూడాలి. మునిసిపల్ కార్యాలయంలో నమోదు చేయించి ఇల్లు, పొలం, కారు వంటి పెద్ద వ్యవహారాలకు వాడేది ఒకటి. బ్యాంకులో నమోదైనది మరొకటి. పార్సిలు అందిందని, కాగితం చూశానని వేసే రోజువారీ ముద్ర మూడోది. మిమ్మల్ని రైలెక్కించినది ఆ మూడోది.

2020లో పరిపాలనా సంస్కరణల మంత్రిగా ఉన్న కోనో తారో, ప్రభుత్వ విధానాల్లో ముద్ర అవసరాన్ని తొలగించే పని మొదలుపెట్టారు. ముద్ర అడిగే విధానాలు దాదాపు 15,000 ఉన్నట్టు లెక్క తేలగా, 83 తప్ప మిగిలినవాటిలో దాన్ని ఎత్తివేస్తామని ఆ ఏడాది నవంబరులో ప్రకటించారు. మిగిలిన ఆ 83 ప్రధానంగా నమోదైన ముద్రతో పని ఉన్నవి. అంటే ముద్ర ఎక్కడ నిజంగా ఒక పూచీగా నిలుస్తోందో అక్కడ ఉంచి, ఊరికే అలవాటుగా పడుతున్నచోట తీసేశారన్నమాట.

నా ముద్ర గురించి రెండు మాటలు చెప్పుకుంటాను. మన ఇంటిపేర్లు, పేర్లు కలిపి, విదేశీ పేర్లు రాయడానికి వాడే కతకనా లిపిలో రాస్తే బారెడవుతాయి. నమోదు చేయించే ముద్ర అచ్చు 25 మిల్లీమీటర్ల చదరం దాటకూడదు. క్యోటోలో ఒక చిన్న దుకాణంలో ముసలాయన నా పేరును కాగితం మీద మూడు రకాలుగా రాసి, చివరికి ఒక భాగాన్ని మాత్రమే ఎంచుకుని చెక్క మీద తలకిందులుగా, అద్దంలో కనిపించే తీరున చెక్కారు. తీసుకున్నాక చూస్తే, రోజువారీ ముద్రలకు పక్కన ఉండే చిన్న నొక్కు దీనికి లేదు. ఆ నొక్కు మీద వేలు పెడితే చూడకుండానే పై వైపు ఏదో తెలుస్తుంది. ఇందులో ఎందుకు పెట్టలేదని అడిగాను. పెద్ద కాగితం మీద వేసే ముద్ర కాబట్టి, వేసే ముందు మీరు ఆగి, తిప్పి చూసుకోవాలి, ఆ ఆగిన క్షణంలో ఇంకోసారి ఆలోచించుకోవచ్చు, అని ఆయన జవాబిచ్చారు. ముద్రలు చెక్కేవారు చాలామంది ఇదే మాట చెబుతారని తర్వాత తెలిసింది.

తెర మీద ముద్రను వంచే సదుపాయం పెట్టినవారు దాని ఆకారాన్ని పట్టుకున్నారు. ఆ ఆగే క్షణాన్ని పట్టుకోలేదు. కుక్కరు తయారుచేసినవారికీ వీరికీ ఉన్న తేడా నాకు అక్కడ కనిపిస్తుంది.

చిత్తూరు_చింతచెట్టు

నొక్కు లేని ముద్ర సంగతి నాకు తెలియదు. ఆరేళ్లు ముద్రలు వేసి కూడా ఎన్నడూ దాని పక్క చూడలేదు. ధన్యవాదాలు, కాగితం_కలం గారూ. ఈ విషయంలో నా అభిప్రాయాన్ని కొంత మార్చుకుంటున్నాను.

మచిలీపట్నం_రేవు

నేను జపాన్ వెళ్లలేదు. రొయ్యల హేచరీల్లో పనిచేస్తాను కాబట్టి సముద్రం నుంచి వచ్చే ఒక వస్తువు గురించి రాస్తాను. ఒనిగిరి అనే అన్నపు ముద్ద చుట్టూ చుట్టే నల్లటి నోరి ఆకును చాలామంది ఏదో యంత్రంలో చేసిన కాగితం అనుకుంటారు. అది సముద్రపు నాచు. తీరంలో కొమ్మలు, వెదుళ్లు పాతి శతాబ్దాలుగా దాన్ని పెంచారు కానీ, వేసవిలో ఆ నాచు మాయమై చలికాలంలో మళ్లీ ఎక్కడి నుంచి వస్తుందో జాలరులకు తెలియదు. విత్తనం ఎక్కడుందో తెలియని పంట అది. అందుకే దాన్ని అదృష్టపు గడ్డి అనేవారు.

ఆ ముడిని విప్పినది ఇంగ్లండులోని మాంచెస్టరులో పనిచేసిన కాథ్లీన్ డ్రూ బేకర్. గవ్వల లోపల గులాబీ రంగు పోగులుగా పెరిగే ఒక జీవిని అంతవరకూ వేరే జాతి నాచుగా లెక్కగట్టేవారు. అది ఈ నాచు జీవితంలోనే మరో దశ అని ఆమె గుర్తించి 1949లో ప్రకటించింది. వేసవిలో అది గవ్వల్లో దాక్కుంటుందన్నమాట. ఆ సంగతి ఆధారంగా జపాన్ పరిశోధకులు కొద్ది సంవత్సరాల్లోనే ఆల్చిప్పల మీద విత్తనం పెంచి వలలకు పట్టించే పద్ధతి తయారుచేశారు. మా రంగంలో హేచరీ వచ్చాక రొయ్యల సాగు ఎలా మారిపోయిందో చూసినవాణ్ణి కాబట్టి, ఆ జాలరుల సంతోషం నేను ఊహించుకోగలను. ఆమె జపాన్ ఎన్నడూ వెళ్లలేదు. 1957లో మరణించింది. కుమామోతో ప్రాంతంలోని ఉతోలో, సముద్రం కనిపించే చోట 1963లో ఆమెకు స్మారకం కట్టి, ఏటా ఏప్రిల్ 14న ఇప్పటికీ నివాళి అర్పిస్తున్నారు.

పాత పద్ధతిలోకి కొత్త తెలివి బయటి నుంచి కూడా రావచ్చని చెప్పడానికే ఇది రాశాను. ఒనిగిరిని చుట్టి అమ్మే ప్లాస్టిక్ చుట్ట గురించి ఎక్కడో చదివాను, వివరంగా తెలిసినవారు ఎవరైనా రాయగలరా?

గోదారి_గట్టు

ఆ చుట్టను నేను కనీసం ముప్పై సార్లు విప్పాను కాబట్టి దాని గురించి రాయగలను. త్రికోణపు ముద్ద మీద 1, 2, 3 అని అంకెలు ఉంటాయి. పైన ఉన్న 1ని పట్టుకుని కిందిదాకా లాగితే ప్లాస్టిక్ రెండుగా చీలుతుంది. తర్వాత 2, 3 మూలలను చెరోవైపు లాగాలి. అంతవరకూ అన్నానికి తగలకుండా రెండు పొరల మధ్య ఉన్న నోరి, పొరలు జారిపోగానే వచ్చి అన్నాన్ని కౌగిలించుకుంటుంది. పంటి కింద అప్పడంలా కరకరలాడుతుంది. మొదటిసారి నేను మూడునే ముందు లాగి సగం నోరిని ప్లాస్టిక్‌లోనే వదిలేశాను. మా అల్లుడు నోరెత్తకుండా ఇంకోటి తెచ్చి చేతిలో పెట్టాడు.

సెవెన్ ఎలెవెన్ 1974లో టోక్యో తోయోసులో మొదటి దుకాణం తెరిచాక ఒనిగిరిని అమ్మడం మొదలుపెట్టిందని, ఇంట్లో చేసుకునేదాన్ని ఎవరు కొంటారనే సందేహం ఉండేదని, 1978లో నోరిని విడిగా ఉంచే ఈ రకం చుట్ట వచ్చాక అది దుకాణాల్లో పాతుకుపోయిందని అమ్మాయి చదివి వినిపించింది. ఇంట్లో తల్లి ఉదయం చుట్టిన ముద్దలో మధ్యాహ్నానికి నోరి మెత్తబడుతుంది. మెత్తబడిన నోరే అమ్మ చేతి రుచి అనేవారు కూడా అక్కడ ఉన్నారు. వారి మాటను నేను తోసిపుచ్చలేను, పొద్దున్న చేసి మధ్యాహ్నానికి ఊరిన పులిహోర రుచి తెలిసిన మనం అసలే తోసిపుచ్చలేం.

ఇంకో సందేహం. కవాగోయేలో ఒక గుడికి వెళ్లినప్పుడు అల్లుడు నా చేతిలో 5 యెన్ల నాణెం పెట్టి, ఇదే వేయాలి అన్నాడు. మన తిరుమలలో ఈ-హుండీ వచ్చింది కదా, అక్కడ అలాంటిది లేదా?

కాగితం_కలం

ఐదు యెన్లను వారి భాషలో ‘గో ఎన్’ అంటారు. బంధం, రుణానుబంధం అనే అర్థం వచ్చే మాట కూడా అలాగే పలుకుతుంది. దేవుడితో, మనుషులతో ముడి పడాలని ఆ నాణెం వేస్తారు.

కొన్ని గుళ్లలో ఫోనుతో కానుక చెల్లించే వీలు వచ్చింది. అయితే 2019లో క్యోటో బౌద్ధ సంఘం దీన్ని వ్యతిరేకిస్తూ ప్రకటన చేసింది. ఎవరు ఏ గుడికి ఎప్పుడు వెళ్లారో, ఎంత వేశారో మూడో వ్యక్తికి తెలిసిపోయే ప్రమాదం ఉందన్నది వారి ఆందోళన. పాతవాళ్లు కొత్తదాన్ని చూసి బెదిరిపోయారని దీన్ని తీసిపారేయకూడదు. నాణెం పెట్టెలో పడ్డాక అది ఎవరిదో ఎవరికీ తెలియదు, ఆ తెలియకపోవడమే ఆ ఆచారంలో ముఖ్యమైన భాగమని వారు గుర్తించారు. ఇంకోవైపు జపాన్ పోస్ట్ బ్యాంకు 2022 జనవరి నుంచి నాణేలు పెద్ద సంఖ్యలో జమ చేస్తే రుసుము తీసుకుంటోంది. చిల్లర నాణేలతో నడిచే చిన్న గుళ్లకు అది నిజమైన ఇబ్బంది.

నాగోయా_వాసి

ఫోను చెల్లింపుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మన ఊళ్లలో టీ బండి మీద, కూరల బుట్ట మీద అతికించి ఉండే క్యూఆర్ కోడు మా ఐచి ప్రాంతంలో పుట్టింది. కారు విడిభాగాలతో పాటు తిరిగే కార్డులను చదవడానికి డెన్సో సంస్థలో హరా మసాహిరో బృందం 1994లో దాన్ని తయారుచేసింది. మామూలు బార్‌కోడులో పట్టే అక్షరాలు చాలక, పనివాళ్లు ఒక్కో కార్డు మీద చాలా కోడులను ఒకదాని తర్వాత ఒకటి చదవాల్సి వచ్చేది. హరా భోజన విరామంలో ‘గో’ ఆట ఆడేవారు. గళ్ల పలక మీద నల్ల, తెల్ల రాళ్లు పేర్చినట్టు సమాచారాన్ని కూడా అడ్డంగా, నిలువుగా పరచవచ్చని ఆ పలక దగ్గరే తట్టిందని ఆయన చెప్పారు. మూడు మూలల్లో ఉండే చతురస్రాల నలుపు, తెలుపు వెడల్పులు 1:1:3:1:1 నిష్పత్తిలో ఉంటాయి. పత్రికలు, కరపత్రాలు, డబ్బాలు జల్లెడపట్టి, అచ్చులో అతి తక్కువగా కనిపించే నిష్పత్తి అదేనని తేల్చుకుని పెట్టారు. పేటెంటు ఉన్నా ఎవరినీ రుసుము అడగకుండా వదిలేశారు. అందువల్లనే అది మన టీ బండి దాకా వచ్చింది. ‘గో’ కొలత, ‘గో’ ఆట వేర్వేరు మాటలు, పొరబడకండి.

చిత్తూరు_చింతచెట్టు

ఇప్పటిదాకా యంత్రంలోకి చేరినవాటి గురించి మాట్లాడుకున్నాం. చేరలేనిదాని గురించి నేను రాస్తాను, ఎందుకంటే నాకు జపాన్‌లో అన్నిటికన్నా ప్రియమైనది అదే. మొదటి రెండేళ్లు నేను ఉన్న గదికి స్నానాల గది లేదు. రోజూ రాత్రి తువ్వాలు భుజాన వేసుకుని వీధి చివర ఉన్న సెంతోకు, అంటే ఊరి ఉమ్మడి స్నానశాలకు వెళ్లేవాణ్ణి. చెప్పులు చెక్క అరలో పెట్టి, చెక్క తాళంపలక తీసుకుని, గుడి గోపురం లాంటి చూరు కింద నుంచి లోపలికి వెళ్లాలి. ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్లంతా రుద్దుకుని, తర్వాతే వేడినీళ్ల తొట్టిలోకి దిగాలి. ఎదురుగా గోడ నిండా ఫుజి కొండ బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ వేసే సంప్రదాయం 1912లో టోక్యో కాండాలోని ఒక స్నానశాలలో, షిజువోకా నుంచి వచ్చిన చిత్రకారుడి చేతితో మొదలైంది. స్నానశాల సెలవు రోజున, పాత బొమ్మ మీదనే ఆకాశం నుంచి మొదలుపెట్టి, ఒక్క రోజులో కొత్త బొమ్మ వేసేస్తారు. ఆ పని తెలిసినవారు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.

మొదటి రోజు నేను ఒళ్లు కడుక్కోకుండా తొట్టిలోకి దిగబోయాను. పక్కన ఉన్న పెద్దాయన ఏమీ అనకుండా తన పసుపుపచ్చ బొక్కెన నా ముందుకు జరిపి, పీట చూపించారు. ఆ తర్వాత రెండేళ్లూ ఆయన రోజూ నాకు తలవంచి పలకరించారు. నాకు వచ్చిన జపనీస్ సగం ఆ వేడినీళ్లలో నేర్చుకున్నదే.

1968లో దేశం మొత్తం మీద సుమారు 18,000 సెంతోలు ఉండేవి. ఇప్పుడు 2,000 కన్నా తక్కువ. ఇళ్లలో స్నానాల గదులు వచ్చాయి, దానంతట అదే నీళ్లు నింపుకుని, వేడి చేసుకుని, స్నానానికి రమ్మని గొంతుతో పిలిచే తొట్టెలు వచ్చాయి. నాగోయా_వాసి గారూ, ఒప్పుకుంటాను, ఆ తొట్టె స్నానపు పద్ధతిని చక్కగా నేర్చుకుంది. ఇంటిల్లిపాదీ అదే నీళ్లలో ఒకరి తర్వాత ఒకరు దిగడం, దిగేముందు బయటే కడుక్కోవడం, అన్నీ అలాగే ఉన్నాయి. బొక్కెన జరిపే పక్కింటి పెద్దాయన మాత్రం అందులో లేడు. ఆయనను కొలిచి లోపల పెట్టే యంత్రం లేదు.

కాగితం_కలం

చింతచెట్టు గారూ, ఈ టపా చదివి కాసేపు మాట రాలేదు. టోక్యో కోఎంజిలోని కొసుగియు అనే సెంతో గురించి మీకు తెలిసే ఉంటుంది. 1933 నాటి ఆ చెక్క కట్టడం ఇప్పటికీ నడుస్తోంది. మూడో తరం యజమాని, యువకులను పనిలోకి తీసుకుని, స్నానానికి వచ్చేవారు కూర్చుని చదువుకునే చోటు కూడా పక్కనే ఏర్పాటు చేశారు. 2024లో హరాజుకులో కొత్త వ్యాపార భవనం నేలమాళిగలో రెండో శాఖను తెరిచారు. టోక్యోలో సెంతో ధర గరిష్ఠ పరిమితిని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. అది 2024 ఆగస్టులో పెద్దలకు 550 యెన్లయింది. గ్యాసు ధర పెరిగినా ఇష్టం వచ్చినట్టు రేటు పెంచుకునే వీలు లేని వ్యాపారం అది. అటువంటి చోట ఇంకో శాఖ తెరవడం చిన్న విషయం కాదు.

నాగోయా_వాసి

చింతచెట్టు గారి మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. మా వీధిలోని సెంతో నేను వచ్చిన మూడో ఏడు మూతపడింది, ఇప్పుడు అక్కడ కార్లు నిలుపుతున్నారు. ఒక్కసారి కూడా వెళ్లలేదనే బాధ నాకు ఇవాళ కలుగుతోంది.

కొత్త సంవత్సరపు కార్డులు కూడా ఆ దారిలోనే ఉన్నాయి. 2003 ప్రాంతంలో 440 కోట్లకు పైగా అచ్చువేసినవి, 2025 కోసం 107 కోట్లకు దిగాయి. 2024 అక్టోబరులో కార్డు తపాలా ఖర్చు 63 నుంచి 85 యెన్లకు పెరిగింది. ఇకపై కార్డులు పంపడం మానేస్తున్నామని మర్యాదగా తెలియజేసే చివరి కార్డు ఈ జనవరిలో మా ఇంటికి మూడు కుటుంబాల నుంచి వచ్చింది. చేతిరాతతో, కాలిగ్రఫీ కలంతో రాసినవే.

గోదారి_గట్టు గారికి బాకీ పడ్డ నీళ్ల సంగతి ఇది. గిన్నె మీది గీతలు పొట్టి, గుండ్రటి జపాన్ బియ్యానికి వేసినవి, సోనా మసూరికి నీళ్లు చాలవు. ఒక గో బియ్యానికి రెండు గోల నీళ్లు, పాత బియ్యమైతే ఇంకో పావు. అరగంట నాననివ్వండి. మూడు గోల కుక్కరులో మన బియ్యం ఒకటిన్నర గో దాటనివ్వకండి, పొంగుతుంది. మీట పడ్డాక పావుగంట మూత తీయకండి.

గోదారి_గట్టు

ట్రాన్స్‌ఫార్మరు నిన్న వచ్చింది. ఈ ఉదయం ఒక గో బియ్యం కడిగి, నానబెట్టి, నాగోయా_వాసి గారు చెప్పినట్టే రెండుంబావు గోల నీళ్లు పోశాను, బియ్యం పాతవి. ముందుగదిలో కూర్చుని గడియారం చూసుకుంటూ, మీట పడ్డాక కూడా పావుగంట ఆగాను. మెతుకు మెతుకూ విడిగా ఉంది. అడుగున మాత్రం లేత గోధుమ రంగులో పల్చటి పొర అంటుకుంది. చిన్నప్పుడు ఆ మాడు కోసం అన్నదమ్ములతో పోటీ పడేదాన్ని, అందులో ఇంత నెయ్యి, ఉప్పు వేసి అమ్మ చేతిలో పెట్టేది. ఇది నా కొలత తప్పా, లేక ట్రాన్స్‌ఫార్మరు వల్లనా?

నాగోయా_వాసి

తప్పేమీ లేదండీ. జపాన్‌లో దాన్ని ‘ఒకోగె’ అంటారు, వాళ్లకూ ఎంతో ఇష్టం. తొలినాటి కుక్కర్లు అన్నం మాడకుండా చూడడానికి ఎంతో కష్టపడ్డాయి. ఇప్పటి కొన్ని కుక్కర్లలో ఆ పొర కావాలనుకునేవారి కోసమే విడిగా ఒక మీట పెట్టారు. మీ కుక్కరు ముందువైపు మీటల ఫొటో పంపండి, ఆ మీట మీ దానికి ఉందో లేదో చదివి చెబుతాను.